టేకాకుల పడక

నిహారిక నటించిన మూడు సినిమాల్లోనూ గొంతు సత్యలక్ష్మిదే. ఫిల్మ్ నగర్‌లో ఈ సంగతి అందరికీ తెలుసు. బయట ఎవరికీ తెలీదు. తెర మీద నిహారిక నవ్వినా, అలిగినా, అమ్మ పోయిందని గుండె పగిలేలా ఏడ్చినా, ఆ నవ్వూ ఆ ఏడుపూ ఓ డబ్బింగ్ థియేటర్ చీకట్లో మైకు ముందు నిలబడి సత్యలక్ష్మి ఇచ్చినవే. ఆవిడకి యాభై దాటాయి. మోకాళ్ల నొప్పులు వచ్చాయి, కళ్లజోడు వచ్చింది. గొంతుకి మాత్రం వయసు రాలేదు.

రానివ్వలేదు కూడా. చల్లనీళ్లు ముట్టుకోదు. రాత్రిపూట పెరుగన్నం తినదు. మండే ఎండల్లో కూడా థియేటర్లో ఏసీ అంటే భయపడి మెడకి మఫ్లర్ చుట్టుకుంటుంది. సంచిలో ఎప్పుడూ ఒక ఫ్లాస్కు, అందులో మిరియాలు వేసి కాచిన నీళ్లు. కొత్తగా వచ్చిన కుర్రాళ్లు నవ్వుకుంటారు. పాతవాళ్లు నవ్వరు, ఆ గొంతు మీద ఒక ఇల్లు నడుస్తోందని వాళ్లకి తెలుసు.

ఒక రోజు దర్శకుడు శ్రీకృష్ణ జూబ్లీహిల్స్‌లోని తన ఆఫీసుకి రమ్మని కబురు పెట్టాడు. కాఫీ తెప్పించి, కాసేపు ఆ మాటా ఈ మాటా చెప్పి, అసలు విషయానికి వచ్చాడు.

"సత్యగారూ, ఈ సినిమాకి నిహారిక సొంతంగా చెప్పుకుంటానంటోందండీ. అడవిలో తప్పిపోయిన పిల్ల కథ కదా, సినిమా అంతా తనొక్కతే. లొకేషన్లోనే మాటలు రికార్డు చేసేస్తున్నాం. కానీ ఆ అమ్మాయి తెలుగు మీకు తెలుసుగా. మీరు పక్కనుండి కొంచెం దారిలో పెట్టాలి."

సత్యలక్ష్మి కాఫీ మొత్తం తాగి కప్పు కింద పెట్టింది. "అలాగేనండీ" అంది.

ఇంటికొచ్చాక మాత్రం భర్త ఆదినారాయణ దగ్గర ఉండబట్టలేకపోయింది. ఆయన ఒకప్పుడు స్టిల్ ఫొటోగ్రాఫర్. కాలు విరిగినప్పటినుంచీ ఇంట్లోనే ఉంటున్నాడు, వంట కూడా ఆయనే.

"నా కుర్చీలో కూర్చోబోయే పిల్లకి నన్నే కుర్చీ తుడిచి పెట్టమంటున్నారు" అంది.

ఆయన పప్పులో తాలింపు వేసి మూత పెట్టి, అప్పుడు చెప్పాడు. "నువ్వు వెళ్లనంటే ఇంకొకరు వెళ్తారు. వెళ్లిరా. ఎక్కడ షూటింగ్?"

"ఆదిలాబాద్ అవతల గుట్టల్లోనట."

"ఈ చలికాలంలోనా? అక్కడ ఎముకలు కొరికేస్తుంది చలి. రెండు స్వెట్టర్లు పెట్టుకో."

షూటింగ్‌కి ముందు కొన్నాళ్లు పాఠాలు జూబ్లీహిల్స్‌లో నిహారిక ఇంట్లోనే జరిగాయి. వాళ్లది భీమవరం నుంచి వచ్చి ఇక్కడ వ్యాపారంలో స్థిరపడ్డ కుటుంబం. నిహారిక పుట్టింది, పెరిగింది ఈ కొండమీదే. ఇంట్లో ఇంగ్లీషు, స్కూల్లో ఇంగ్లీషు. తెలుగు అర్థమవుతుంది గానీ నోట్లోకి వచ్చేసరికి తడబడుతుంది. మరీ ముఖ్యంగా 'ళ' పలకదు.

"నా కల్లలోకి చూసి చెప్పు."

"కల్లు కాదమ్మా, కళ్లు. కల్లు అంటే తాగేది. నాలుక వెనక్కి మడవండి."

"కల్... కల్లు."

మొదటి రోజుల్లో సత్యలక్ష్మి పట్టు విడవకుండా దిద్దింది. తర్వాత్తర్వాత, మూడుసార్లు చెప్పాల్సిన చోట రెండుసార్లు చెప్పి ఊరుకోవడం మొదలుపెట్టింది. ఈ పిల్లకి రాకపోతే శ్రీకృష్ణగారే విసిగిపోయి చివరికి నన్నే పిలుస్తారు కదా అనే ఆలోచన ఒకటి లోపల తిరుగుతోందని ఆవిడకి తెలుసు. తెలిసి సిగ్గుపడేది. సిగ్గుపడుతూనే ఊరుకునేది.

*

డిసెంబరు చివర్లో యూనిట్ గుట్టల కింద దిగింది. కారవాన్లూ వంటవాళ్లూ కిందే ఆగారు. పైన షూటింగ్ చేసే చోటికి జీపులు మాత్రమే వెళ్లే మట్టి దారి. చీకటి పడితే ఆ దారిలో నడపడం కష్టమని, పొద్దు గుంకుతూనే అందరూ హడావుడిగా దిగిపోయేవారు.

ఆ రోజు నిహారిక వాగులో పడిపోయే సీను తీశారు. నీళ్లు మంచులా ఉన్నాయి. ఆ పిల్ల మారు మాట్లాడకుండా మళ్లీ మళ్లీ పడింది. తర్వాత అవే తడి బట్టలతో సాయంత్రపు వెలుగులో ఇంకో షాటు. అది అవగానే ప్యాకప్ చెప్పారు. నిహారిక తడి లంగావోణీ మీద ఒక శాలువా కప్పుకుని సత్యలక్ష్మి దగ్గరికి వచ్చింది.

"ఆంటీ, ఐదు నిమిషాలు. రేపటి పెద్ద డైలాగ్ ఒక్కసారి చెప్పి చూపిస్తా. కిందకి వెల్తే అందరూ ఉంటారు, నాకు నోరు రాదు."

"బట్టలు మార్చుకోవాలి కదమ్మా ముందు."

"కింద కారవాన్‌లో మార్చుకుంటా. ప్లీజ్."

జనరేటర్ హోరుకి దూరంగా ఇద్దరూ ఒక పెద్ద బండ వెనక్కి నడిచారు. నిహారిక డైలాగ్ చెప్పింది, ఆగింది, మళ్లీ మొదలుపెట్టింది. సత్యలక్ష్మి దిద్దింది. ఐదు నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి. జనరేటర్ హోరు ఆగిన సంగతి ఇద్దరూ గమనించలేదు.

తిరిగి వచ్చేసరికి అక్కడ ఎవరూ లేరు. నేల మీద జీపు చక్రాల గుర్తులూ, పారేసిన టీ కప్పులూ మిగిలాయి.

జరిగింది చిన్న పొరపాటే. హీరోయిన్ డైరెక్టర్ గారి జీపులో వెళ్లిందని అసిస్టెంట్ డైరెక్టర్ బాబీ అనుకున్నాడు. బాబీతో వస్తుందని డైరెక్టర్ అనుకున్నాడు. నిహారిక ఫోను కింద ఆమె అసిస్టెంట్ దగ్గర ఉంది. సత్యలక్ష్మి ఫోనులో సిగ్నల్ లేదు.

"నడుచుకుంటూ దిగిపోదాం" అంది నిహారిక. "దారి ఒక్కటే కదా."

దారి ఒక్కటి కాదు. కొంత దూరం దిగాక రెండుగా చీలింది. ఎక్కువ అరిగినట్టు కనిపించిన దారి పట్టారు. అది పశువులు తొక్కిన దారి. చెట్లు దగ్గరయ్యాయి, మంచు దిగింది, చీకటి పడింది. ఫోను వెలుగులో నాలుగడుగులకి మించి కనిపించడం లేదు. సత్యలక్ష్మి చెప్పు తెగింది. చెట్టు పట్టుకుని నిలబడి, ఉన్నట్టుండి అంది:

"దారి తప్పావని తెలిసిన క్షణమే ఆగిపో. నడిచే ప్రతి అడుగూ నిన్ను వెతికేవాళ్లకి దూరం చేస్తుంది."

ఆ మాటలు ఆవిడ మామూలు గొంతుతో చెప్పలేదు. గలగలలాడే హుషారైన అమ్మాయి గొంతుతో చెప్పింది. నిహారిక బిత్తరపోయి చూసింది.

"ఎవరిది ఆ వాయిస్?"

"నాదే. టీవీలో ఒక ఫారిన్ పిల్ల వచ్చేది, అడవుల్లో, మంచుకొండల్లో ఒంటరిగా బతికి చూపిస్తానంటూ. ఆ పిల్లకి మూడేళ్లు తెలుగు డబ్బింగ్ చెప్పాను. ఈ మాట ఎన్నిసార్లు చెప్పానో. ఇప్పుడు గుర్తొచ్చింది."

"అరగంట ముందు గుర్తు రావాల్సింది ఆంటీ."

"అవునమ్మా" అంది సత్యలక్ష్మి. "అయితే మీకు ఇదంతా వచ్చు కదా? సినిమా కోసం నేర్చుకున్నారటగా?"

"మూడు రోజుల క్యాంప్. వికారాబాద్ దగ్గర. కానీ అక్కడ టెంట్ ఉంది, స్లీపింగ్ బ్యాగ్ ఉంది. నిప్పు రాజేసే పుల్ల కూడా ఇచ్చారు. ఇప్పుడది షూటింగ్ సామాన్ల వాల్ల పెట్టెలో ఉంటుంది."

ఆ పిల్ల పళ్లు టకటకమని కొట్టుకుంటున్నాయి. ఫోను వెలుగు ముఖం మీద వేసి చూసింది సత్యలక్ష్మి. పెదాలు పాలిపోయి ఉన్నాయి. చెయ్యి పట్టుకుంటే మంచుముక్కలా తగిలింది. అప్పటిదాకా దారి గురించే ఉన్న భయం ఒక్కసారిగా ఈ పిల్ల మీదికి మళ్లింది.

"ముందు ఆ తడి బట్టలు విప్పు" అంది. మీరు అనడం అప్పుడే పోయింది, ఇద్దరూ గమనించలేదు. "చలికంటే తడి ముందు చంపుతుంది. ఇది కూడా ఆ పిల్ల మాటే. విప్పు, ఇక్కడెవరున్నారు చూడ్డానికి?"

తన ఒంటిమీద రెండు స్వెట్టర్లు ఉన్నాయి. ఒకటి తీసి నిహారికకి తొడిగింది. చీర మీద కప్పుకున్న ఉన్ని శాలువాని లుంగీలా చుట్టింది. తడిసిన జుట్టుని నిహారిక శాలువా పొడి కొసతో తుడిచి, మెడనుంచి మఫ్లర్ విప్పి ఆ తలకి చుట్టింది. ఇన్నేళ్లలో ఆవిడ మెడ చలిగాలికి బయటపడటం అదే మొదలు.

"మీ గొంతు..." అంది నిహారిక.

"నోరు మూసుకుని కూర్చో."

ఆవిడ కూడా కూర్చోబోతే నిహారికే ఆపింది. "ఇక్కడ వద్దు ఆంటీ. పల్లంలో చలి ఎక్కువ దిగుతుంది, మా ట్రైనర్ చెప్పాడు. కొంచెం పైకి, గాలి తగలని వైపు." తడుముకుంటూ ఒక పెద్ద బండ చాటు వెతికి పట్టింది. చెయ్యి చాపి గాలి ఎటునుంచి వస్తోందో చూసి, అవతలి వైపుకి తీసుకెళ్లింది.

సత్యలక్ష్మికి ఇంకో మాట గుర్తొచ్చింది. "నేల నీ ఒంట్లో వేడిని తాగేస్తుంది. నేలకీ నీకూ మధ్య ఏదైనా వెయ్యి."

"ఏం వేసేవాల్లు?"

"చూడలేదమ్మా. మేం పెదాలే చూస్తాం, మాట కలవాలి కదా. ఆ పిల్ల చేతులతో ఏం చేసేదో ఒక్కరోజు కూడా చూసిన పాపాన పోలేదు."

నిహారికకి నవ్వొచ్చింది. వణుకులోనే నవ్వింది. చుట్టూ టేకు చెట్లు, కింద ఎండి రాలిన ఆకులు. ఒక్కో ఆకు విస్తరంత ఉంది. పైన ఉన్న ఆకులు మంచుకి చెమ్మగిల్లాయి గానీ కిందివి పొడిగా ఉన్నాయి. ఇద్దరూ వంగి, పాములుంటాయేమోనని ముందు కర్రతో కొట్టి చూసి, ఒడినిండా ఏరుకుని తెచ్చి బండ పక్కన పోశారు. ఆ పనిలో ఒళ్లు కొంచెం వేడెక్కింది. మోకాలెత్తు కుప్ప అయ్యాక ఎక్కి కూర్చుంటే, కరకరలాడుతూ అణిగి ఏమీ లేనట్టే అయిపోయింది. మళ్లీ ఏరారు. మళ్లీ పోశారు.

"స్వెట్టర్లోకి కూడా తొయ్యి" అంది నిహారిక. "క్యాంప్‌లో చెప్పారు. బట్టకీ ఒంటికీ మధ్య గాలి నిలబడాలట."

ఇద్దరూ ఆకులు నలిపి స్వెట్టర్లలోకి కుక్కుకున్నారు. గుచ్చుకున్నాయి, దురద పెట్టాయి. కానీ కాసేపటికి నిజంగానే కొంచెం వెచ్చగా అనిపించింది.

నిప్పు కోసం కూడా ప్రయత్నించారు. రెండు పుల్లలు పట్టుకుని నిహారిక రుద్దింది, తర్వాత సత్యలక్ష్మి రుద్దింది. పుల్లలు విరిగాయి, అరచేతులు బొబ్బలెక్కాయి, పొగ వాసన కూడా రాలేదు. "వదిలెయ్యి, ఉన్న ఓపిక దీనికే అయిపోతోంది" అని సత్యలక్ష్మి పుల్లలు పారేసింది. ఫ్లాస్కులో మిరియాల నీళ్లు ఇంకా గోరువెచ్చగా ఉన్నాయి. సంచిలో పల్లీచిక్కి ఉంది. సగం సగం తిన్నారు. నీళ్లు నిహారిక చేతే ఎక్కువ తాగించింది.

తర్వాత నిహారికని ముందు కూర్చోబెట్టుకుని, వెనకనుంచి చేతులు వేసి, మిగిలిన శాలువా ఇద్దరి మీదా కప్పింది. ఆ పిల్ల వీపు వణుకు తన గుండెకి తగులుతోంది. వణుకుతున్నంతసేపూ ఫరవాలేదు, వణుకు ఆగి మాట ముద్దగా వస్తేనే భయం అని కూడా ఆ టీవీ పిల్ల గొంతుతో ఎప్పుడో చెప్పింది. అందుకని ఆ పిల్లని మాట్లాడిస్తూనే ఉంది. నిద్ర వస్తోందంటే పిడికిళ్లు బిగించి విప్పమంది, కాళ్లు ఆడించమంది.

"మాట్లాడు. ఏదో ఒకటి చెప్పు. తెలుగులోనే చెప్పు."

చివరికి నిహారిక అంది. "ఆంటీ, నేను సొంతంగా చెప్తానని ఎందుకన్నానో తెలుసా?"

"పేరు వస్తుందని."

"కాదు. కిందటేడు ఒక కాలేజీ ఫంక్షన్‌కి వెల్లాను. స్టేజీ మీద ఆ డైలాగ్ చెప్పమన్నారు, అమ్మ చచ్చిపోయినప్పటి డైలాగ్. చెప్పాను. అందరూ నవ్వారు. ఏడుపు డైలాగ్‌కి హాలంతా నవ్వింది ఆంటీ. ఫోన్లలో తీసి అందరికీ పంపుకున్నారు. మా డాడీ కూడా చూశారు. అప్పటినుంచి షాపులో 'ఇది ఎంత' అని అడగాలన్నా భయం. నోరు తెరిస్తే నేను నేను కాదని తెలిసిపోతుందని."

సత్యలక్ష్మికి ఆ డైలాగ్ గుర్తుంది. ఒక్క టేకులో ఓకే చేసి, బయటికి వచ్చి టీ తాగింది ఆ రోజు. మంచి పేరు వచ్చిందని ఇంట్లో పాయసం కూడా చేసుకున్నారు. దాని వెనక ఇలాంటిది ఒకటి ఉంటుందని ఎన్నడూ అనుకోలేదు.

"మీ పని పోతుందని నాకు తెలుసు" అంది నిహారిక మళ్లీ. "మీకు నా మీద కోపం ఉందా?"

"ఉంది" అంది సత్యలక్ష్మి. చీకట్లో అబద్ధం చెప్పాలనిపించలేదు. "కొన్నాళ్లనుంచి నీకు సరిగ్గా చెప్పడం కూడా లేదు నేను. 'ళ' రాకపోతే రాకపోయిందిలే అని వదిలేశాను."

నిహారిక ఇంకొంచెం వెనక్కి ఒరిగింది. సత్యలక్ష్మి ఆ తలమీద గడ్డం ఆనించుకుంది.

ఎంతసేపైందో తెలీదు, ఎదురుగా ఉన్న గుట్టమీద చుక్కల్లాంటి వెలుగులు కదిలాయి. టార్చిలైట్లు. యూనిట్ వాళ్లు వెతుకుతున్నారు. పశువుల దారి చుట్టూ తిప్పి తెచ్చిందేమో, షూటింగ్ జరిగిన చోటికీ ఇక్కడికీ మధ్య లోయ అడ్డం ఉంది.

ఇద్దరూ లేచి నిలబడ్డారు. సత్యలక్ష్మి గుండెనిండా గాలి పీల్చుకుని అరిచింది. మళ్లీ మళ్లీ అరిచింది. ముప్పైయేళ్లు మైకు దగ్గర నిట్టూర్పు కూడా వినపడేలా పలికిన గొంతు, మైకు లేకుండా ఆ లోయలో పది గజాలు కూడా పోలేదు. చల్లగాలి గొంతులోకి కత్తిలా దిగింది. అయినా ఆపలేదు. ఏదో చిరిగినట్టయింది, మాట గరగరమంది, తర్వాత గాలి మాత్రమే వచ్చింది.

వెలుగులు పక్కకి తిరుగుతున్నాయి.

"వాళ్లు వెళ్లిపోతున్నారు ఆంటీ! వెళ్లిపోతున్నారు వాళ్లు!"

అంత భయంలోనూ సత్యలక్ష్మి చెవి ఆ మాట దగ్గర ఆగింది. వాళ్లు. వెళ్లిపోతున్నారు. రెండు చోట్లా 'ళ' సరిగ్గా పలికింది. ఆ పిల్లకి తెలీదు పలికినట్టు. ఆమె రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని అరుస్తోంది. ముద్దుగా లేదు ఆ గొంతు. బొంగురుగా, బలంగా, కింద నేలనుంచి వచ్చినట్టుంది. "ఇక్కడున్నాం! మేం ఇక్కడున్నాం!"

ఒక వెలుగు ఆగింది. అటూ ఇటూ ఊగింది. ఎవరో ఏదో కేక వేశారు గానీ మాట తెలియలేదు. తర్వాత మంచు దట్టమై వెలుగులన్నీ మాయమయ్యాయి.

"విన్నారు" అంది నిహారిక. "కచ్చితంగా విన్నారు. లోయ దాటడానికి టైమ్ పడుతుంది. మనం కదలకూడదు."

సత్యలక్ష్మి అవునని చెప్పబోయింది. మాట రాలేదు. తల ఊపింది. ఈసారి నిహారికే ఆవిడని ముందు కూర్చోబెట్టి వెనకనుంచి పట్టుకుంది. మఫ్లర్ విప్పి ఇవ్వబోతే సత్యలక్ష్మి చెయ్యి అడ్డం పెట్టింది. చివరికి మఫ్లర్ పొడుగ్గా సాగదీసి ఇద్దరి మెడలకీ కలిపి చుట్టింది నిహారిక. ఆపైన ఆ పిల్లే మాట్లాడింది, తెల్లారేదాకా. వచ్చిన తెలుగంతా మాట్లాడింది. రానిచోట ఆగి వెతుక్కుని మళ్లీ మాట్లాడింది.

*

యూనిట్ వాళ్లకంటే ముందు వాళ్లని చూసింది బాలమణి. పత్తి ఏరడానికి పొద్దున్నే చేనుకి బయల్దేరిన ఆడమనిషి. బండ పక్కన ఆకుల కుప్పలో రెండు తలలు కనపడేసరికి ముందు భయపడి, తర్వాత దగ్గరికొచ్చింది.

"అయ్యో బిడ్డా! గిట్ల కూసున్నరేంది గీ సలిల? పానాలుంటయా?" అంది. "మా చేను గీడనే ఉంది, గా చెట్ల అవుతల. గుడిసె ఉన్నది, నిప్పున్నది. జర లేవుండ్రి."

ఆ చేను ఎంత దగ్గరంటే, చీకట్లో ఇంకో వందడుగులు నడిచి ఉంటే గుడిసె తగిలేది. ఆ మాట విని నిహారిక నవ్వుతూ ఏడ్చేసింది. బాలమణి మంట వేసి, ఇద్దర్నీ పక్కన కూర్చోబెట్టి, తన సద్దిలోంచి జొన్నరొట్టె తుంచి పెట్టింది. "మెల్లగ, మెల్లగ. మంటలకు మరీ దగ్గర జరగకు బిడ్డా." వాళ్లెవరని అడగలేదు. సినిమా హీరోయిన్ అని తర్వాత బాబీ వచ్చి చెబితే, "ఎవలైతేంది, సలి అందరికొక్కటే గద" అని పత్తి ఏరుకోవడానికి వెళ్లిపోయింది.

బాబీ రాత్రంతా లోయ దిగి ఎక్కి తిరిగినట్టున్నాడు, బట్టలు చిరిగిపోయి ఉన్నాయి. సత్యలక్ష్మి కాళ్ల దగ్గర కూలబడి, "నాదే తప్పు మేడమ్, లెక్క చూసుకోలేదు" అన్నాడు. ఆవిడ భుజం తట్టింది. నోట మాట రాలేదు.

*

నిహారిక రెండ్రోజుల జ్వరంతో బయటపడింది. సత్యలక్ష్మి గొంతు మాత్రం తిరిగి రాలేదు. హైదరాబాద్‌లో చూసిన డాక్టరు, స్వరపేటిక బాగా వాచిందనీ, కొన్ని వారాలు గుసగుసగా కూడా మాట్లాడకూడదనీ చెప్పాడు. ఫిల్మ్ నగర్‌లోని ఆ చిన్న ఇంట్లో సైగలతోనే రోజులు గడిచాయి. ఆదినారాయణ వంట చేస్తూ ఒంటరిగా ఇద్దరి మాటలూ తనే మాట్లాడుకునేవాడు. పైకి నవ్వేవాడు గానీ రాత్రుళ్లు ఆవిడ దగ్గినప్పుడల్లా లేచి కూర్చునేవాడు.

అంతకుముందే షూటింగ్ అయిపోయిన నిహారిక సినిమా ఇంకొకటి డబ్బింగ్ కోసం ఎదురుచూస్తోంది. విడుదల తేదీ దగ్గరపడింది. వేరే డబ్బింగ్ ఆర్టిస్టుని పిలుస్తామని నిర్మాత కబురు పెట్టాడు. సత్యలక్ష్మి సరేనని తల ఊపింది. ఊపాక గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది.

మర్నాడు నిహారిక వచ్చింది. డ్రైవరుని సందు మొదట్లో ఆపి నడిచి వచ్చింది. చుట్టుపక్కల కిటికీలన్నీ తెరుచుకున్నాయి.

"ఆంటీ, ఆ సినిమాకి కూడా నేనే చెప్తానన్నాను. మీరు పక్కనుంటేనే చెప్తానని కూడా అన్నాను. ఒప్పుకున్నారు."

సత్యలక్ష్మి తన గొంతు చూపించి చేతులు తిప్పింది, ఎలా చెప్పను అన్నట్టు.

"మాటలు అక్కర్లేదు. మీ ముఖం చూస్తే నాకు తెలుస్తుంది తప్పో ఒప్పో. అక్కడ రాత్రంతా చూశాను కదా."

"చీకట్లో ఏం చూశావమ్మా?" అన్నాడు ఆదినారాయణ వంటింట్లోంచి. ముగ్గురూ నవ్వారు.

డబ్బింగ్ థియేటర్లో సత్యలక్ష్మి మైకు పక్కన స్టూలు మీద కూర్చునేది. మాట సాగాల్సిన చోట చెయ్యి సాగదీసేది, తుంచాల్సిన చోట వేళ్లు ముడిచేది. 'ళ' దగ్గర కనుబొమ్మలు పైకెత్తేది. ఈసారి రెండుసార్లకి ఊరుకోలేదు. సరిగ్గా వచ్చేదాకా ఎత్తిన కనుబొమ్మలు దించలేదు. ఒక్కో సీనుకి పూటలు పట్టాయి. సౌండ్ ఇంజనీరు విసుక్కున్నాడు. నిహారిక రెండుసార్లు బయటికి వెళ్లి ఏడ్చి వచ్చింది.

సినిమా వచ్చాక కొందరు, హీరోయిన్ గొంతు ఇదివరకటంత తీయగా లేదన్నారు. కొందరు, ఇదే బాగుందన్నారు. అడవి సినిమా వచ్చేసరికి ఆ మాట ఎవరూ ఎత్తలేదు. తప్పిపోయిన పిల్ల లోయలోకి అరిచే సీనులో హాళ్లు నిశ్శబ్దమైపోయాయని శ్రీకృష్ణ ఫోన్ చేసి చెప్పాడు.

సత్యలక్ష్మి గొంతు వేసవికి తిరిగి వచ్చింది. పాతది కాదు. అడుగున కొంచెం జీర మిగిలింది. ఇరవయ్యేళ్ల పిల్లల మాటలు ఇక ఆ గొంతుకి అతకవు. మొదటిసారి విన్నప్పుడు ఆవిడ హెడ్‌ఫోన్స్ తీసేసి చాలాసేపు కూర్చుంది. తర్వాత అమ్మల పాత్రలకీ, అత్తల పాత్రలకీ పిలుపులు వచ్చాయి. తెలుగు రాని కొత్త హీరోయిన్లకి నేర్పమని కూడా వచ్చాయి. ఇల్లు మునుపంత కాకపోయినా నడుస్తూనే ఉంది.

మళ్లీ చలికాలం వచ్చినప్పుడు నిహారిక ఫోన్ చేసింది.

"ఆంటీ, వికారాబాద్ పక్కన అనంతగిరి వెళ్దాం. మనిద్దరమే. టెంట్ కొన్నాను."

"నీకేమైనా పిచ్చా? ఒకసారి చాల్లేదా?"

"ఒకసారి తప్పిపోయాం. క్యాంపింగ్ అంటే అది కాదు ఆంటీ. ఈసారి కావాలని వెళ్దాం."

సత్యలక్ష్మి వద్దని చెప్పి ఫోన్ పెట్టేసింది. సాయంత్రానికి ఆదినారాయణే సంచి సర్దేశాడు.

అనంతగిరిలో పొద్దుండగానే టెంటు వేశారు. నిహారిక తాళ్లు బిగించింది. సత్యలక్ష్మి కింద పరిచే చాపలు రెండు వరసలు వేయించింది, చాలవని మూడోది కూడా వేయించింది. ఎండుపుల్లలు ఏరి, సన్నవి ఒకవైపు, లావువి ఒకవైపు పేర్చి పెట్టుకున్నారు. నిప్పు మొదటి పుల్లకే అంటుకుంది. దానిమీద గిన్నె పెట్టి అల్లం టీ కాచుకున్నారు. చలి బాగానే ఉంది, కానీ మంట దగ్గర ముఖాలు ఎర్రగా కాగాయి. నిహారిక కొత్త సినిమా డైలాగులు చదువుతుంటే సత్యలక్ష్మి వింటూ పుల్లలు ఎగదోసింది. చాలా మాటలు దిద్దే పని లేకపోయింది.

పొడి సాక్సులు మార్చుకుని, వేడినీళ్ల సీసా కాళ్ల దగ్గర పెట్టుకుని స్లీపింగ్ బ్యాగుల్లో దూరారు. సత్యలక్ష్మి పడుకున్న వెంటనే నిద్రపోయింది.

తెల్లారాక టీ తాగుతూ, రాత్రంతా గురక పెట్టారని నిహారిక చెప్పింది. సత్యలక్ష్మి ఒప్పుకోలేదు.